అయిదు మార్కుల కథ

మార్కుల దగ్గర జర్మనీవాళ్ళ లెక్క మనకు తలకిందులు. ఒకటి వస్తే సరస్వతీపుత్రుడు. నాలుగు వస్తే ఎలాగో గట్టెక్కినట్టు. అయిదు వచ్చిందంటే తప్పినట్టే! ఈ చిన్న సంగతి మా అమ్మకు ముందే చెప్పి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

మాది రాజమండ్రి. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదవడానికి హైడెల్‌బెర్గు వెళ్ళాను. అక్కడి విశ్వవిద్యాలయం 1386లో పుట్టింది. నేటి జర్మనీలో అంతకంటే పాతది లేదు. ఊరు నెకర్ నది ఒడ్డున ఉంది. గోదావరి చూసిన కళ్ళకు ఆ నది కాలవలా కనిపించిందంటే నా తప్పు కాదు. కొండమీద ఎర్రరాతి కోట ఉంది. దాన్ని 1689లోనూ, 1693లోనూ ఫ్రెంచి సేనలు పాడుచేశాయి. చాలదన్నట్టు 1764లో పిడుగు పడింది. ఇప్పటికీ చాలామటుకు శిథిలంగానే నిలిచి ఉంది.

పెద్దవీధిలో ఒక పాత భవనం ఉంది. సూర్యుడిలో ఏమేమున్నాయో భూమ్మీద కూర్చుని చెప్పే విద్యకు 1859లో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఆచార్యులు అక్కడే నాంది పలికారు. దాని ముందు ఫొటో తీయించుకుని ఇంటికి పంపాను. ఆ గాలి పీలిస్తేనే చదువు వచ్చేస్తుందనుకున్నాను కాబోలు, పుస్తకం తెరవడం మాత్రం వాయిదా వేశాను.

అక్కడ ఐరోపా సమాఖ్య బయటినుంచి వచ్చినవాళ్ళు 2017 నుంచి సెమిస్టరుకు 1500 యూరోలు ఫీజు కడుతున్నారు. నా ఫీజుకూ, తిండికీ నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టారు.

మొదటి పరీక్షలో నాకు అయిదు వచ్చింది. మళ్ళీ రాయడానికి ఒక్క అవకాశం ఉంది.

ఆ రాత్రే అమ్మ ఫోను చేసింది.

"ఎన్నొచ్చాయిరా?"

"అయిదమ్మా."

"అయిదుకి అయిదే! నాకు తెలుసురా!"

నేను నోరు విప్పేలోగా ఫోను నాన్నగారి చేతికిచ్చి పక్కింటికి పరుగెత్తింది. నాన్నగారు "సరే నాయనా, ఆరోగ్యం జాగ్రత్త" అని మాత్రం అన్నారు. నేను నిజం చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అలా మూడు వారాలు గడిచాయి. అన్నం సహించలేదు.

మా ఇంటావిడ ఉద్యోగం విరమించిన పంతులమ్మ. నా వాలకం కనిపెట్టి, ఒక ఆదివారం విశ్వవిద్యాలయం ముందున్న మైదానానికి తీసుకువెళ్ళింది. 1933లో నాజీలు పుస్తకాలు తగలబెట్టింది అక్కడే. ఎదురుగా ఉన్న కొత్త భవనం ద్వారం మీద "సజీవ చైతన్యానికి" అనే అర్థం వచ్చే మాటలున్నాయి. నాజీలు వాటిని తీసేసి "జర్మన్ చైతన్యానికి" అని పెట్టించారట. యుద్ధం ముగిశాక మళ్ళీ పాత మాటలే వచ్చాయి.

"అంత పెద్ద తప్పునే దిద్దుకున్నారు. నీది ఏపాటిది?" అంది ఆవిడ.

ఆ సాయంత్రమే నాన్నగారికి ఫోను చేసి అంతా చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నాకు ఆ రోజే తెలుసురా. పరీక్ష నెగ్గినవాడి గొంతు అలా ఉండదు. నువ్వే చెబుతావని చూస్తున్నాను. ఇల్లు సంగతి నేను చూసుకుంటాను, చదువు సంగతి నువ్వు చూసుకో. మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకోవాలి సుమా!" అన్నారు.

గుండెలమీంచి బండ దించినట్టయింది. ఆ రోజునుంచీ పాతవంతెన దాటి, పాములా మెలికలు తిరిగే మెట్లదారిన కొండెక్కి, "తాత్త్వికుల బాట" మీద బెంచీలో కూర్చుని చదివాను. కోట వంక చూడటం తగ్గించాను. రెండోసారి రాస్తే 2.3 వచ్చింది. అంటే మంచి మార్కే!

సంతోషం పట్టలేక అమ్మకు ఫోను చేశాను.

"రెండా? అయిదునుంచి రెండుకి పడిపోయావా నాయనా!" అని ఆవిడ గొల్లుమంది. వెనకనుంచి నాన్నగారి నవ్వు వినిపించింది.

ఇక తప్పదని మొదటినుంచీ చెప్పాను. అమ్మ అంతా విని, పెద్దగా నిట్టూర్చింది.

"అయితే ఒరేయ్, అప్పుడు పక్కింటివాళ్ళకు పంచిన సున్నుండలు ఇప్పుడు తిరిగి అడగమంటావా?"