ఇండ్ల క్రయవిక్రయాలలో మధ్యవర్తుల పాత్ర - ‘రెరా’ రక్షణ ఎంతవరకు?

నాదెండ్ల: పల్నాడు జిల్లాలోని నాదెండ్ల వంటి మండల కేంద్రాలలో ఇల్లు గానీ, ఇంటి స్థలం గానీ చేతులు మారేటప్పుడు బేరం కుదిర్చేది సాధారణంగా ఊరిలోని మధ్యవర్తియే. నగరాలలో రియల్ ఎస్టేట్ ఏజెంటు అని వ్యవహరింపబడే వ్యక్తి ఇతడే. అయితే చట్టం దృష్టిలో ఈ ఇరువురి స్థానం ఒక్కటి కాదు. ఈ వ్యత్యాసం తెలియకపోవడం వలన ఒక కుటుంబం జీవితకాలపు పొదుపును బయానా రూపంలోనే కోల్పోయే ప్రమాదం కలదు.

రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టం 2016లో ఆమోదం పొంది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చినది. రాష్ట్ర ప్రభుత్వం 2017లోనే ఇందుకు నియమావళిని రూపొందించినది. చట్టంలోని 9వ సెక్షను ప్రకారం, నమోదైన ప్రాజెక్టులో ప్రమోటరు విక్రయించే ప్లాటు, ఫ్లాటు లేదా భవనం విషయంలో బేరం కుదిర్చే ఏజెంటు రెరా వద్ద తప్పనిసరిగా నమోదు కావలెను. నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టరాదు. లెక్కలు, రికార్డులు నిర్వహించవలెను. బుకింగు సమయంలోనే కొనుగోలుదారుకు అన్ని పత్రాలు అందేలా చూడవలెను. ఉల్లంఘించిన పక్షంలో రోజుకు పది వేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చును. ప్రమోటరు సైతం రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా విలువలో 10 శాతానికి మించి సొమ్ము స్వీకరించరాదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించవలెను. 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 12 సెంట్లకు మించని స్థలంలో చేపట్టే నిర్మాణానికి ప్రాజెక్టు నమోదు అవసరం లేదు. ఒక కుటుంబం తన పాత ఇంటిని వేరొక కుటుంబానికి అమ్ముకొనే లావాదేవీ ఈ నమోదు పరిధిలోకి రాదు. గ్రామాలలో జరిగే క్రయవిక్రయాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. ‘రెరా ఉన్నది గదా’ అన్న ధీమా అక్కడ పనికిరాదు.

అటువంటి బేరాలలో మధ్యవర్తికి వర్తించేది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. యజమాని తరఫున ఏజెంటుగా వ్యవహరించిన వ్యక్తి లెక్క చెప్పవలసి ఉంటుంది. అమ్మేవారికి ఒక ధర, కొనేవారికి మరొక ధర చెప్పి నడుమ తేడాను మిగుల్చుకొనే పద్ధతి అక్కడక్కడ కనిపిస్తుంది. యజమానికి తెలియకుండా ఏజెంటు సొంత లాభానికి బేరం నడిపినచో, ఆ లాభాన్ని రాబట్టుకొనే హక్కును 216వ సెక్షను యజమానికి ఇస్తున్నది. కానీ అది రుజువు కావలెనన్న, కమీషను ఎంత, ఎవరు, ఎప్పుడు చెల్లించవలెనన్నది ముందుగా కాగితంపై ఉండవలెను. కమీషను శాతాన్ని రెరా చట్టం నిర్ణయించలేదు. అది పూర్తిగా ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

పత్రాల పరిశీలనను మధ్యవర్తికే వదలివేయడం మరొక పొరపాటు. ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. నోటి మాట పంపకాలు, రిజిస్టరు కాని వీలునామాలు, తెల్లకాగితపు అగ్రిమెంట్లు అందులో కానరావు. పిత్రార్జితమైన ఇంటి విషయంలో ఇది మరింత కీలకం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పిస్తూ కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులో ఉన్నది. అన్నదమ్ములు సంతకాలు చేసినంత మాత్రాన బేరం ముగిసినట్లు కాదు. ఆడపడుచుల సంతకాల సంగతి బయానాకు ముందే తేల్చుకొనవలెను. గ్రామకంఠంలోని స్థలానికి పొలానికి వలె పట్టాదారు పాసు పుస్తకం ఉండదు. కనుక ఇంటి పన్ను రశీదులు, పాత దస్తావేజులు, హద్దులు సరిచూచుకొని, చుట్టుపక్కల వారిని విచారించడం అవసరం. స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదేమో రిజిస్ట్రేషన్ శాఖ వద్ద తెలుసుకొనవచ్చును.

అమ్మేవారు చూపవలసినవి నకళ్లు మాత్రమే. అసలు దస్తావేజులను, ఖాళీ స్టాంపు కాగితాలపై సంతకాలను మధ్యవర్తి చేతికి ఇవ్వరాదు. బేరం త్వరగా తెమలుతుందని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి ఇచ్చేవారు కలరు. జి.పి.ఎ., అగ్రిమెంట్ల ద్వారా స్థిరాస్తిపై యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసినది. ఆ కాగితాలతో కొన్నవారు కూడా చిక్కులలో పడినట్లే. హక్కు మారేది రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజుతోనే. దస్తావేజుపై సంతకాలైన నాలుగు నెలలలోగా దానిని రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను.

బయానా సొమ్మును మధ్యవర్తి చేతికి గాక నేరుగా అమ్మకందారు ఖాతాకు జమ చేయడం శ్రేయస్కరం. స్థిరాస్తి లావాదేవీలలో 20 వేల రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించడం 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టరీత్యా నిషిద్ధం. జరిమానా స్వీకరించిన వారిపై పడుతుంది.

నమోదిత ప్రాజెక్టులకు సంబంధించిన ఫిర్యాదులను ఆంధ్రప్రదేశ్ రెరాకు సమర్పించవచ్చును. ప్రతిఫలం తీసుకొని చేసిన సేవలో లోపం ఉన్నచో, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. కమీషను చెల్లించిన రశీదును ఫిర్యాదుకు జతపరచవలెను.