ఫారం చిక్కు విడిందిలా!

అహోబిలం నుంచి ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్లు. ఒకప్పుడు ఆదాయ ధ్రువపత్రం కావాలంటే నల్లమల అంచునున్న ఆ ఊరివాళ్లు మండల కార్యాలయానికి వెళ్లాల్సిందే. సంతకం పెట్టే అధికారి లేకపోతే మర్నాడు మళ్లీ బస్సెక్కాలి.

మరి కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే సరిపోతుందా? ఇన్ఫోపాత్ సంగతే చూడండి. మైక్రోసాఫ్ట్ 2003లో తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌తో ఫారాలు చక్కగా తయారయ్యేవి. కానీ నింపాలంటే ఎవరి కంప్యూటర్లో వాళ్లు దాన్ని వేసుకోవాల్సి వచ్చేది. షేర్‌పాయింట్ సర్వర్ 2007 ఆ చిక్కు విప్పింది. ఫారం బ్రౌజర్‌లోనూ తెరుచుకునేలా ఎంచుకుని సర్వర్‌లో పెడితే చాలు, ఆ సాఫ్ట్‌వేర్ లేనివాళ్లూ నింపొచ్చు. అన్ని హంగులూ బ్రౌజర్‌కు పట్టలేదనుకోండి! జాబితాలోంచి ఎంచుకునే, లేదంటే సొంతంగా రాసుకునే కాంబో బాక్స్ 2010 వెర్షన్‌తోగానీ రాలేదు.

ఇన్ఫోపాత్‌కు ఇక కొత్త వెర్షన్ ఉండదని 2014లో ఆ సంస్థే ప్రకటించింది. ఆలోచన మాత్రం నిలిచింది. 2011లో మొదలైన మీసేవదీ అదే దారి. దరఖాస్తు వెబ్‌లోనే, అధికారి సంతకమూ డిజిటలే. 2019లో గ్రామ సచివాలయాలొచ్చాయి. 2025 జనవరిలో 'మన మిత్ర' 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది.

ఫోనులోనే ఫారం తెరుచుకోవడం సంతోషమే. అయితే అందులోని ప్రశ్న చదివేవాళ్లకు అర్థం కావాలి. నల్లమలలోని చెంచు గూడేనికి సిగ్నల్ అందాలి. లేకపోతే బస్సు ఛార్జీలు మామూలే!