కోనేట్లో వేసిన బెల్లం ఎక్కడికి పోతుంది?

తిరువళ్లూరులో వీరరాఘవస్వామి గుడి ఉంది. అక్కడి హృత్తాపనాశిని కోనేట్లో భక్తులు బెల్లం వేస్తారు. అది కరిగినట్టే తమ రోగమూ కరిగిపోవాలని మొక్కుకుంటారు. మొక్కు సంగతి పెద్దలకు వదిలేద్దాం. బెల్లం ఎలా కరుగుతుంది?

బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజు, అంటే చక్కెరే. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం ఉంటాయి. సుక్రోజు అణువు మీద కూడా అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి. అందుకే నీటి అణువులు గడ్డ అంచున ఉన్న సుక్రోజు అణువును చుట్టుముట్టి, పక్కవాటి నుంచి విడదీసి లాక్కుపోతాయి. ఈ పనంతా జరిగేది పైపొర మీదే. కాబట్టి గడ్డకన్నా పొడి త్వరగా కరుగుతుంది. నీళ్లు కదలకపోతే గడ్డ చుట్టూ చిక్కటి తీపినీరు పేరుకుని, కరగడం మందగిస్తుంది.

ఉప్పు తీరు వేరు. అది సోడియం, క్లోరైడు అయాన్లుగా విడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో ఉప్పు సుమారు 36 గ్రాములే కరుగుతుంది, చక్కెరైతే 200 గ్రాములకు పైమాటే! నీళ్లు కాగితే చక్కెర ఇంకా బోలెడు కరుగుతుంది. ఉప్పులో మాత్రం పెద్ద తేడా ఉండదు.

కరిగిన బెల్లం ఎక్కడికీ పోదు, నీటిలోనే ఉంటుంది. నిలవనీటిలో తీపి ఎక్కువైతే సూక్ష్మజీవులు దాన్ని తిని పెరుగుతాయి, ఆ క్రమంలో నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఆ ఆక్సిజన్ ఉండేదే సుమారు 8 మిల్లీగ్రాములు. చేపలు పీల్చుకునేదీ దాన్నే.