సెకండ్ హ్యాండ్ కారు మొరాయిస్తే... అపోహలు – వాస్తవాలు

పాత కారు కొని ఇంటికి తెచ్చిన వారానికే గేర్‌బాక్స్ గరగరమంటుంది. అమ్మిన కన్సల్టెన్సీకి వెళ్తే ‘‘చూసుకునే కదా తీసుకున్నారు, పాత బండికి గ్యారంటీ ఏముంటుంది?’’ అంటారు. చాలామంది అది నిజమేననుకుని చేతి డబ్బు పెట్టి బాగుచేయించుకుంటారు. కానీ చట్టం కారు వయసొక్కటే చూడదు. అమ్మింది ఎవరు, అమ్మేటప్పుడు ఏం చెప్పారు, ఏం దాచారు అన్నవే అక్కడ ముఖ్యం.

‘‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను’’ అని సంతకం పెట్టాక ఇక దారి లేదన్నది అందరిలోనూ పాతుకుపోయిన అపోహ. కొనేవాళ్లే చూసుకోవాలన్న సూత్రం 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో ఉన్న మాట వాస్తవమే. అరిగిన టైరు, బంపర్ మీద గీత లాంటివి చూడగానే తెలుస్తాయి కాబట్టి, వాటి మీద తర్వాత తగువు పెట్టుకోలేం. వెనక్కి తిప్పిన మీటరు, దాచిన పెద్ద యాక్సిడెంట్ అలాంటివి కావు. తెలిసీ కప్పిపెట్టి అమ్మితే కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ దాన్ని మోసం అంటుంది. అలాంటి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ ఇస్తుంది. ఆ సంతకం మోసానికి రక్షణ కాదు.

నీట మునిగిన కార్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో వాహనాలు నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన బండిని శుభ్రం చేసి పాలిష్ పెడితే కొత్తదానిలాగే మెరుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో తుప్పు మాత్రం నెమ్మదిగా పాకుతుంది. అందుకే కొన్న కొన్ని వారాలకు గానీ తంటాలు మొదలుకావు. సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి మరకలు, కార్పెట్ కింద ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకు తుప్పు కనిపిస్తే ఫొటోలు తీసి దాచుకోవాలి.

‘‘నచ్చకపోతే కొద్ది రోజుల్లో తిరిగిచ్చేయొచ్చు’’ అన్న ధీమా కూడా సరికాదు. మన దేశంలో అలాంటి సాధారణ హక్కేమీ లేదు. కొన్ని కంపెనీలు ఇచ్చే రిటర్న్ గడువు ఆ కంపెనీ షరతే తప్ప చట్టం ఇచ్చింది కాదు. బ్రిటన్‌లోనైతే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, డీలరు దగ్గర కొన్న పాత కారులో డెలివరీ నాటికే లోపం ఉంటే 30 రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. అక్కడున్న బంధువులు చెప్పిన మాట నమ్మి ఇక్కడ గడువు లెక్కపెట్టుకోవద్దు.

పక్కింటి ఆయన దగ్గరో, ఆఫీసులో సహోద్యోగి దగ్గరో కొన్నప్పుడు వినియోగదారుల కమిషన్ సాధారణంగా పనికిరాదు. అది వ్యాపారం చేసేవాళ్ల మీద ఫిర్యాదులకు. వ్యక్తుల మధ్య అమ్మకమైతే సివిల్ కోర్టే దారి. మోసం చేయాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉందనిపిస్తే పోలీసు ఫిర్యాదు చేయొచ్చు. ‘‘ఒక్క యాక్సిడెంట్ కూడా కాలేదండీ’’ అన్న వాట్సాప్ సందేశం అప్పుడు అగ్రిమెంటంత విలువైనదవుతుంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవడం కూడా వృథా. మామూలు పాలసీ ప్రమాద నష్టానికే గానీ, లోపల అరిగి ఆగిపోయిన ఇంజిన్‌కు కాదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ‘‘ముందు రిపేరు చేయించి, బిల్లు తర్వాత అడుగుదాం’’ అనుకోవడం. భాగాలు మార్చేశాక లోపం కొన్ననాటికే ఉందని నిరూపించడం చాలా కష్టం. ముందుగా ఆ కారు కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లో చూపించి, కిలోమీటర్ల రీడింగుతో జాబ్ కార్డు తీసుకోవాలి. అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి. వారంటీ ఇచ్చి ఉంటే, బయట మెకానిక్ చెయ్యి పడకముందే వాళ్లను పిలవాలి. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్ల లాంటి అరిగే భాగాలను ఆ వారంటీలు తరచూ మినహాయిస్తాయి కాబట్టి షరతులు చదివాకే అడగడం మేలు.

‘‘కేసు వేస్తే లాయర్లకే సరిపోతుంది’’ అన్నది చివరి భయం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కొనుగోలుదారు తానుండే జిల్లాలోనే, లాయరు లేకుండానే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు. లోపాన్ని ల్యాబ్‌లో పరీక్షించాల్సిన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆలస్యమవుతుంటుంది. అందుకే కేసుకు ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, అమ్మినవాళ్లతో రాజీకి ప్రయత్నించి చూడటం మంచిది.