యూనిఫాం లేని యోధుల బురుజు

సిద్దిపేట జిల్లా ధూల్‌మిట్ట మండలంలోని బైరాన్‌పల్లిలో రాయీ మట్టీ కలిపి గుండ్రంగా కట్టిన బురుజు, అంటే శత్రువు రాకను దూరం నుంచే కనిపెట్టి పైనుంచి ఎదుర్కోవడానికి వీలుగా లేపిన కావలి కట్టడం, తెలుగు నేల మీది యుద్ధ స్మారకాల్లో ముందువరుసలో నిలవవలసినది. స్మారకాలను సాధారణంగా పోరు ముగిశాక మరోచోట కడతారు. ఇక్కడ పోరు సాగిన కట్టడమే స్మారకమైంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరలేదు. ఉన్న సంబంధాలను ఏడాదిపాటు ఉన్నట్టే కొనసాగించాలంటూ 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక పల్లెలకు ఏ రక్షణా ఇవ్వలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో నిజాం పాలనను నిలబెట్టడానికి ఆయుధం పట్టిన రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకుంటుంటే, బైరాన్‌పల్లి రైతులు, కూలీలు, చేతివృత్తులవారు గ్రామరక్షక దళంగా ఏర్పడి, బురుజు మీద నగారా, మందుగుండు, నాటు తుపాకులు సిద్ధం చేసుకుని కాపలా కాశారు. నగారా మోగితే ఊరంతా అప్రమత్తమయ్యేది. అలా తొలి దాడులను తిప్పికొట్టిన ఊరి మీద పగబట్టి, 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు పెద్ద బలగంతో తెల్లవారకముందే విరుచుకుపడ్డారు. ఫిరంగి దెబ్బకు బురుజు మీది మందుగుండు పేలి కాపలావారు నేలకొరగగా, పట్టుబడినవారిని ఊరి బయట వరుసగా నిలబెట్టి కాల్చిచంపారు. పొరుగున ఉన్న కూటిగల్‌లోనూ అదే రోజు నెత్తురు పారింది.

మృతుల లెక్క ఒక్కో రచనలో ఒక్కో రకంగా ఉన్నా, 118 అన్న సంఖ్య తరచుగా వినిపిస్తుంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా సైనికుల పేర్లను గ్రానైట్ పలకల మీద చెక్కగలిగారంటే, సైన్యం ప్రతి మనిషి పేరునూ హోదానూ రికార్డుల్లో భద్రపరచడం వల్లనే. నాగలి వదిలి తుపాకీ అందుకున్న రైతుకు అలాంటి పట్టీ ఉండదు. అయినా అతని మరణం సైనికుడి మరణానికి ఏమాత్రం తీసిపోదని తెలుగు సమాజానికి ఏనాడో తెలుసు. ఊరి పశువులను తోలుకుపోయే దొంగలతో తలపడి చనిపోయినవారికి సైతం వీరగల్లులు, అంటే యోధుని రూపం చెక్కి ఊరి పొలిమేరలో నిలిపే శిలలు, వేయించిన సంప్రదాయం మనది.

1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ తేదీని విమోచనమనాలా, సమైక్యతా దినమనాలా అని ఏటా వాదించుకుంటున్నారు. బైరాన్‌పల్లి మాత్రం అంతకు 21 రోజుల ముందరి తేదీన తన అమరుల స్తూపం దగ్గర నివాళులర్పిస్తుంది. స్తూపానికి దక్కే శ్రద్ధ బురుజుకూ దక్కాలి. దానికి చేసే ప్రతి మరమ్మతూ సిమెంటు పూతతో కొత్తదనం తెచ్చేదిగా కాక, పాత రాతిని, మట్టికట్టును, మిగిలిన దెబ్బల గుర్తులను ఉన్నవి ఉన్నట్టు నిలిపేదిగా ఉండాలి.