తాయిల్పట్టి నుండి తరలివెళ్లే ముందు: గాలి, నీరు, శివారు తూచి చూడవలసిన విధము

విరుదునగర్ జిల్లా వెంబకోట్టై తాలూకాకు చెందిన తాయిల్పట్టిలోను, దాని చుట్టుపక్కల పల్లెలలోను తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. వ్యవసాయం వానను నమ్ముకున్నది. మిగిలిన జీవనమంతా టపాసుల పరిశ్రమను, అగ్గిపెట్టెల పనిని నమ్ముకున్నది. 2018 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కాలుష్యం తక్కువగల హరిత టపాసులకు మాత్రమే అనుమతి మిగిలింది. బేరియం లవణాల వాడకంపై నిషేధాన్ని 2021లో న్యాయస్థానం మరల గట్టిగా గుర్తుచేసింది. దీనికి తోడు ప్రమాదాల భయం ఉండనే ఉన్నది. 2012 సెప్టెంబర్ 5న శివకాశి సమీపాన ముదలిపట్టిలో జరిగిన పేలుడులో ముప్పైమందికి పైగా మరణించారు. 2021 ఫిబ్రవరిలో సాత్తూరు సమీపాన అచ్చంకుళంలో మరొక ఘోర ప్రమాదం జరిగింది. ఈ కారణాలన్నిటి వలన "ఎక్కడికైనా పోయి బతుకుదాము" అనే మాట అనేక ఇళ్లలో వినిపిస్తున్నది.

పోవాలనుకోవడం సులభము. ఎక్కడికి పోవాలో నిర్ణయించుకోవడం కష్టము. బంధువు ఒకరు చెప్పారని, జీతం వెయ్యి రూపాయలు ఎక్కువని తెలిసిన వెంటనే మూటాముల్లె సర్దుకున్న కుటుంబాలు, అక్కడి నీరు పడక, గాలి పడక, అద్దె భరించలేక ఏడాది తిరగకముందే వెనుకకు రావడం జరుగుతుంటుంది. ఒకసారి సంసారం కదిలించి మరల తెచ్చుకోవడమంటే చేతిలోని పొదుపు అంతా కరిగినట్లే. కనుక బయలుదేరడానికి ముందే కొన్ని లెక్కలు వేసుకోవాలి.

పూర్వులు వేసిన లెక్క

తెలుగువారు ఈ ప్రాంతానికి వచ్చినది నేడు నిన్న కాదు. విజయనగర రాజ్యకాలంలోను, ఆ తరువాత మదురై నాయకుల కాలంలోను అనేక కుటుంబాలు ఉత్తరం నుండి దక్షిణానికి కదిలి వచ్చాయి. కోవిల్పట్టి సమీపాన ఇడైసెవల్‌లో తెలుగు ఇంట జన్మించిన రచయిత కి. రాజనారాయణన్ ఆ వలసనే వస్తువుగా తీసుకొని 1976లో 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవల వెలువరించారు. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన కూడా జీవితపు చివరి దశాబ్దాలు సొంత ఊరిలో కాక పుదుచ్చేరిలో గడిపి, 2021లో అక్కడే కన్నుమూశారు.

అలా వచ్చినవారిలో ఎందరో నిలిచినది నల్లరేగడి మీద. తమిళంలో దీనిని కరిసల్ అంటారు. ఒక్క మంచి వాన కురిస్తే ఆ తేమను చాలా కాలం పట్టి ఉంచే గుణం ఈ నేలకు ఉన్నది. అందువలన కాలువలు లేకపోయినా పత్తి, జొన్న, సజ్జ, మినుము, మిరప పండాయి. నేల, నీరు, పైరు అనే మూడింటిని చూసి పెద్దలు నిలిచారు. నేటి వలసకు పని, ఇల్లు, బడి, వైద్యం కూడా చేరాయి గాని నీటి లెక్క మాత్రం మారలేదు.

ఎండు గాలి ఇచ్చిన ఉపాధి

పడమటి కనుమలకు తూర్పున, వాటి నీడలో ఉండడం వలన నైరుతి ఋతుపవనాల వాన ఇక్కడికి అంతగా చేరదు. జూన్, జూలై నెలలలో కుర్తాళంలో జలపాతాలు దూకుతుంటే సాత్తూరులో దుమ్ము లేస్తుంది. ఆడి నెలలో గాలి ఉంటుంది గాని వాన ఉండదు. కయత్తారు పరిసరాలలో గాలిమరలు నిలిపినది ఆ గాలి కోసమే. వాన ముఖ్యంగా ఐప్పసి, కార్తిగై నెలలలో, అనగా అక్టోబర్ నుండి డిసెంబర్ వరకు ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది.

సంవత్సరంలో అధిక భాగం గాలి పొడిగా ఉండడమే శివకాశికి కలిసివచ్చింది. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. అగ్గిపుల్ల మందు, టపాసు మందు, అచ్చు వేసిన కాగితం త్వరగా ఆరాలంటే తేమలేని గాలి కావాలి. ఆ విధంగా వాన లేమి ఒక పరిశ్రమగా మారింది. తాయిల్పట్టివారి శరీరం కూడా ఈ ఎండు వేడికే అలవాటు పడినది. మరొక ఊరి వాతావరణాన్ని అంచనా వేసేటప్పుడు ఈ అలవాటును మొదటి కొలతగా పెట్టుకోవాలి.

మూడు కొలతలు

మొదటిది ఎత్తు. సముద్రమట్టం నుండి వెయ్యి మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కోవిల్పట్టి, శివకాశి, మదురై మూడూ వంద మీటర్లకు అటూ ఇటూగా ఉన్నవే. కోయంబత్తూరు సుమారు 400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ రెండు డిగ్రీలు తగ్గుతుంది. హోసూరు దాదాపు 880 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ అయిదు డిగ్రీల తేడా కనిపిస్తుంది.

రెండవది తేమ. చెన్నైలో 36 డిగ్రీలన్నా, సాత్తూరులో 38 డిగ్రీలన్నా అంకెను బట్టి చెన్నైయే మేలనిపిస్తుంది. అయితే పొడిగాలిలో చెమట వెంటనే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమలో చెమట ఆరదు, వేడి ఒంటిలోనే నిలుస్తుంది. ఎండలో పనిచేసేవారికి రెండు డిగ్రీల కంటె ఈ తేడాయే పెద్దది.

మూడవది వాన కురిసే తీరు. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు అనేది ఒక్కటే చాలదు. అది ఎన్ని రోజులలో కురుస్తుంది, కురిసిన నీరు ఎటు పోతుంది అనేది చూడాలి. పది రోజులలో ఏడాది వాన కురిసే ఊరిలో పల్లపు శివారులో ఇల్లు తీసుకుంటే వాన వరమూ అదే, శాపమూ అదే.

దగ్గరి ఊళ్లు

మొదట ఆలోచించవలసినవి దగ్గరి ఊళ్లే. శివకాశి 2021లో తిరుత్తంగల్‌ను కలుపుకొని నగరపాలక సంస్థ అయినది. టపాసుల పని వదలి అచ్చుపనికి మారదలచినవారికి తిరుత్తంగల్ వైపు ఇల్లు అనుకూలము. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. జిల్లా కార్యాలయాలు, సూలక్కరై పారిశ్రామికవాడ ఉన్నవి. జిల్లాకు కేంద్ర ప్రభుత్వపు పెద్ద జౌళి పార్కు కూడా 2023లో మంజూరైనది. ఇంట్లో దీర్ఘవ్యాధితో బాధపడే పెద్దలున్నవారికి ఈ ఊరు మేలు. కోవిల్పట్టి తూత్తుకుడి జిల్లాలోనిది. నూలు మిల్లులు, అగ్గిపెట్టెల పని, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ మిఠాయి తయారీ అక్కడి ఉపాధి మార్గాలు. ఈ మూడు ఊళ్లలో వాతావరణం మారదు, బంధుత్వం తెగదు, సొంత ఇంటికి వారం వారం వచ్చిపోవచ్చును.

అయితే ఇక్కడి శివార్లలో రెండు చిక్కులున్నవి. ఒకటి నీరు. అనేక చోట్ల బోరునీరు ఉప్పగా ఉంటుంది. తామ్రపర్ణి వంటి దూరపు నదుల నుండి పథకాల ద్వారా వచ్చే మంచినీరు ఏ వీధికి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో అద్దె మాట్లాడకముందే పొరుగింటి ఆడవారిని అడగాలి. రెండవది పునాది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని బీటలు వారుతుంది. లోతు లేని పునాదిపై కట్టిన గోడలు రెండు మూడు ఏళ్లలోనే నెరియలు విడుస్తాయి. ఇల్లు కొనేవారు వేసవి చివర వెళ్లి గోడలు చూడాలి. క్రొత్తగా సున్నం వేసిన గోడను చూసి మోసపోరాదు.

మదురై పెద్ద నగరము. తిరుప్పరంకుండ్రం, తిరునగర్, అవనియాపురం వంటి దక్షిణపు శివార్లు విరుదునగర్ రహదారికి చేరువ. కప్పలూరు పారిశ్రామికవాడ కూడా ఆ దారిలోనిదే. వేడిలో మాత్రం మదురై తాయిల్పట్టికి తీసిపోదు. అగ్నినక్షత్రం రోజులలో కాంక్రీటు వీధులు రాత్రి కూడా వేడిని వదలవు. పెంకుటింటిలో, వేపచెట్టు నీడలో పెరిగిన అవ్వను తీసుకువెళ్లి డాబాకు నేరుగా కింద ఉండే గదిలో ఉంచితే ఆమెకు నిద్ర ఉండదు. పై అంతస్తు కంటె కింది అంతస్తు, పడమటి గోడ కంటె తూర్పు గోడ ఉన్న గది చూసుకోవాలి.

కోయంబత్తూరు, తిరుప్పూరు

కోయంబత్తూరులో ఏడాది వాన 600 నుండి 700 మిల్లీమీటర్లకు మించదు. అయినను పాలక్కాడు కనుమ గుండా జూన్ నుండి ఆగస్టు వరకు వీచే చల్లగాలి వలన ఊరు హాయిగా ఉంటుంది. పడమటి శివారైన వడవల్లి కొండలకు దగ్గర కనుక చల్లదనం ఎక్కువ, కాని కార్ఖానాలకు దూరము. పీళమేడు, గణపతి, సింగానల్లూరు వైపు మిల్లులు, పంపుల తయారీశాలలు ఉన్నవి. పీళమేడులో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉండడం వలన ఇంటిభాష వినిపిస్తుంది. నీటి విషయంలో సిరువాణి నీరు వచ్చే పేటలకు మంచి పేరు. ఆ నీరు ఊరంతటికీ రాదు కనుక ఏ పేటకు ఏ పథకపు నీరు వస్తుందో తెలుసుకోవాలి.

తిరుప్పూరులో బనియన్ల పరిశ్రమ ఉన్నది. భార్యాభర్తలిద్దరికీ పని దొరకడం అక్కడి గొప్ప సౌకర్యము. నొయ్యల్ నదిలో కలిసిన అద్దకపు నీరు భూమిలోనికి ఇంకడం వలన, మద్రాసు హైకోర్టు 2011 జనవరిలో అద్దకపు కర్మాగారాల మూసివేతకు ఆదేశించవలసి వచ్చింది. కనుక నది ఒడ్డున ఉన్న పేటలలో బోరునీటిని తాగడానికి, వంటకు నమ్మరాదు.

చెన్నై

చెన్నైకి ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన. తాయిల్పట్టివారికి అది ఊహకందని వాన. అయినను 2019 వేసవిలో ఆ నగరపు జలాశయాలు ఎండి, ప్రజలు బిందెలతో ట్యాంకర్ల కోసం నిలబడ్డారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 డిసెంబర్‌లో అడయారు పొంగి ముడిచూరు, వరదరాజపురం వంటి శివార్లు మునిగినవి. వేళచ్చేరి, పళ్లికరణై వైపు చిత్తడినేలల చుట్టూ పెరిగిన కాలనీలు 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు మరల నీట నిలిచినవి. అద్దె తక్కువని ఇల్లు ఇస్తామంటే, ఆ వీధిలో 2015లోను 2023లోను నీరు ఎంతవరకు వచ్చిందో అడిగి, గోడపై నీటి చారను చూసి నిర్ణయించుకోవాలి. అంబత్తూరు, ఒరగడం వంటి చోట్ల పనులున్నవి గాని, ఒకే పారిశ్రామికవాడలో కూడా మెరక వీధి వేరు, పల్లపు వీధి వేరు.

హోసూరు

సరిహద్దు వైపు చూసేవారికి హోసూరు ఆకర్షణీయము. మోటారు వాహనాలు, గడియారాలు, యంత్రభాగాల కర్మాగారాలున్నవి. తెలుగు వీధిలో, సంతలో, ఇంటిలో వినిపిస్తుంది. 2019లో నగరపాలక సంస్థ అయిన తరువాత మత్తిగిరి, జూజువాడి, బాగలూరు రహదారి వైపులకు ఊరు మరింత పెరిగింది. బెంగళూరు పొరుగున ఉండడం వలన అద్దెలు దక్షిణపు ఊళ్ల కంటె అధికము. వాన రెండు ఋతుపవనాలలోను కురుస్తుంది. మార్గశిర, పుష్య మాసాలలో రాత్రి చలి తాయిల్పట్టివారికి క్రొత్త. ఉబ్బసమున్న పిల్లలను, కీళ్లనొప్పులున్న పెద్దలను శాశ్వతంగా తరలించే ముందు ఒక డిసెంబర్ వారమైనా అక్కడ ఉంచి చూడడం మంచిది. కృష్ణగిరి జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడు సమస్య ఉన్నందుననే 2013లో హొగేనకల్ మంచినీటి పథకం వచ్చింది. ఆ కుళాయి నీరు చేరని లేఅవుట్‌లో బోరునీటిని పరీక్ష చేయించకుండా తాగరాదు.

స్థలం కొనేవారికి

అద్దెకు ఉండి చూడకుండానే స్థలం కొనడం తగదు. కొనేటప్పుడు పట్టా, ఈసీ, లేఅవుట్ అనుమతి మూడూ చూడాలి. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను 2016లో మద్రాసు హైకోర్టు అడ్డుకొన్నది. తరువాత క్రమబద్ధీకరణ నియమాలు వచ్చినను, "తరువాత సరిచేసుకోవచ్చును" అనే దళారి మాటపై పొదుపు పెట్టరాదు. చెరువు, వాగు, పోరంబోకు పక్కన ఉన్న ప్లాటు చవకగా ఉండడానికి కారణం ఉండి తీరుతుంది.

బడి, ఆడవారి సంపాదన

తమిళనాడులో 2006 చట్టం ప్రకారం తమిళము తప్పనిసరి పాఠ్యభాష. తాయిల్పట్టి పిల్లలు తెలుగు మాట్లాడినను చదువు తమిళ లిపిలోనే సాగినది. రాష్ట్రంలోనే ఊరు మారితే వారి చదువుకు ఆటంకం లేదు. సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లదలచితే మాత్రం, మాట వచ్చును గాని అక్షరం రాదు అనే స్థితి ఎదురవుతుంది. ప్రాథమిక తరగతుల పిల్లవాడు ఏడాదిలో లిపి నేర్చుకొనగలడు. తొమ్మిది, పది తరగతులవాడిని ఆ దశలో కదిలించడం అన్యాయము. ఊరు మార్పు పదవ తరగతి పరీక్షకు ముందా, తరువాతా అనేది జీతం కంటె ముందుగా తేల్చుకోవలసిన విషయము.

మరొక లెక్కను చాలామంది మరచిపోతారు. ఇక్కడ ఆడవారు కాగితపు గొట్టాలు చుట్టి, అగ్గిపెట్టెలు అంటించి సంపాదిస్తారు. నగరంలో ఒక జీతం రెండింతలైనను, రెండవ సంపాదన పోయి, అద్దె, నీరు, బస్సు ఖర్చు చేరితే మిగిలేది తక్కువ కావచ్చును. కనుక పాత ఇంటి మొత్తం రాబడిని క్రొత్త ఊరి మొత్తం ఖర్చుతో పోల్చాలి.

చేయవలసిన క్రమము

మొదట కుటుంబంలో ఒకరు వెళ్లి పని నిలకడైనదా చూడాలి. తరువాత ఆ శివారును రెండు కాలాలలో చూడాలి. వేసవి నడినెలలో నీటి కోసం, ఐప్పసి వానలలో పల్లం కోసం. ఆ పిదప అద్దెకు ఒక ఏడాది ఉండాలి. రేషన్ కార్డు చిరునామా మార్చుకోవాలి. ఈఎస్ఐ, పీఎఫ్ సంఖ్యలు కాగితంపై రాసి భద్రపరచుకొని క్రొత్త యజమానికి అవే ఇవ్వాలి. ఊరిలోని ఇంటిని ఆ ఏడాది అమ్మరాదు. క్రొత్త ఊరిలో ఒక వేసవి, ఒక వానకాలం గడిచి, పిల్లల బడి, పెద్దల ఆరోగ్యం కుదుటపడిన తరువాతనే పాత ఇంటి మాట ఆలోచించవలెను.