ఇంటి తొట్టిలో సముద్రపు నీరు: అది చెడుటకు కారణములు

మన హరూరునకు బంగాళాఖాతపు తీరము, ఆకాశమార్గమున కొలిచినను, సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. ఇట్టి మెట్టసీమలో సముద్రపు చేపలను పెంచబూనుట సాహసమని పెద్దలు వారించిరి. అయినను గత వేసవిలో మా యింట నూరు లీటర్ల నీరు పట్టు గాజుతొట్టి నొకదాని నమర్చి, చెన్నపట్టణమునుండి రెండు క్లౌను చేపలను తెప్పించితిని. నారింజవన్నె దేహముపై తెల్లని పట్టెలు గల ఆ చిన్ని ప్రాణులను చూచుటకు వీధిలోని పిల్లలందరు మూగిరి. తొమ్మిదవనాటి యుదయమున అవి రెండును నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచి రొప్పుచుండెను. సాయంకాలమునకు ఒకటియు, మరునాడు రెండవదియు మరణించెను. నీరు మాత్రము స్ఫటికమువలె నిర్మలముగా నుండెను.

"మన జిల్లా నీటిలో ఫ్లోరైడు కలదు కదా, అదియే చంపినది" అని ఇరుగుపొరుగువారు తీర్మానించిరి. వారి యనుమానము నిరాధారము కాదు. ధర్మపురి జిల్లాలో పెక్కు బావులయందు ఫ్లోరైడు హెచ్చుగా నుండుటయు, దానివలన పండ్లు గారపట్టుటయు, ఎముకలు చెడుటయు మన మెరిగినదే. ఆ బాధను తగ్గించుటకే హొగేనకల్ నుండి కావేరీజలమును గొట్టములద్వారా తెచ్చు పథకము 2013లో ప్రారంభింపబడినది. కాని సముద్రజలమునందే లీటరునకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు సహజముగా నున్నది. కడలిలో పుట్టిన చేప ఆ పాటి ఫ్లోరైడునకు బెదరదు. పైగా నేను తొట్టిలో పోసినది బావినీరు కాదు, ఆర్.ఓ. యంత్రమున శుద్ధిచేసిన నీటిలో సముద్రలవణపు పొడిని కలిపి పోసితిని. కావున దోషి వేరొకటి యుండవలెను.

చెన్నపట్టణమునుండి పరీక్షాద్రవములు తెప్పించి, పారబోయక మిగిల్చిన ఆ నీటిని పరీక్షించితిని. అమ్మోనియా లీటరునకు 2 మిల్లీగ్రాములు చూపినది! అది సున్నగా నుండవలసినది.

చేప తాను తిన్న మేతలోని నత్రజనిలో అధికభాగమును అమ్మోనియా రూపమున మొప్పలద్వారా విడుచును. తినక మిగిలిన మేత కుళ్ళినను అమ్మోనియాయే పుట్టును. దానికి రంగు లేదు. కొద్దిపాళ్ళలో వాసనయు తెలియదు. పాతబడిన తొట్టిలో ఇసుకపైనను, రాళ్ళపైనను, వడపోత స్పంజియందును కొన్ని సూక్ష్మజీవులు కాపురముండును. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగాను, వేరొక తెగ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. ఈ రెండు మెట్ల మార్పును రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వివరించెను. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు చాలినంతగా నుండవు. అవి వృద్ధిపొందుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. నేనో, మూడవనాడే చేపలను విడిచితిని. నూయి త్రవ్వకముందే నారు పోసినట్లైనది.

ఇచ్చట మరియొక సూక్ష్మము కలదు. అమ్మోనియా నీటిలో రెండు రూపములతో నుండును. వానిలో ఒకటి మాత్రమే మిక్కిలి విషము. నీటి క్షారగుణము పెరిగినకొలది ఆ విషరూపము పెరుగును. పి.హెచ్. 7 నుండి 8కి చేరినచో దాదాపు పదిరెట్లగును. సముద్రపు నీటి పి.హెచ్. 8.1 మొదలు 8.3 వరకు నుండును గనుక, మంచినీటి తొట్టిలో చేపలు ఓర్చుకొను అమ్మోనియా ఈ తొట్టిలో ప్రాణాంతకము కావచ్చును. నైట్రైటు సంగతి దీనికి విరుద్ధము. ఉప్పునీటిలోని క్లోరైడు దానిని మొప్పలలోనికి సులభముగా చొరనీయదు. మంచినీటి చేపలనుగూర్చి వ్రాసిన పుస్తకమును నమ్ముకొని సముద్రపు తొట్టిని నడపువారు ఈ రెండు విషయములందును మోసపోవుదురు.

చేప రొప్పుటకు అమ్మోనియా యొకటియే కారణము కానక్కరలేదు. ప్రాణవాయువు చాలకున్నను రొప్పును. 25 డిగ్రీల వేడిమియందు మంచినీరు లీటరునకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును కరగించుకొనగా, సముద్రపు నీరు 7 మిల్లీగ్రాములకు లోపుగనే కరగించుకొనును. మన చిత్తిర యెండలలో తొట్టినీరు 30 డిగ్రీలకు చేరినచో అది 6 ప్రాంతమునకు దిగును. అట్టి సమయమున విద్యుత్తు పోయి గాలిపంపు ఆగినచో చేపలేకాక, ప్రాణవాయువుతో బ్రతుకు ఆ సూక్ష్మజీవులును నశించును. అందుచే రొప్పు కనబడగనే మొదట గాలిపంపును, ఉష్ణమాపకమును చూడవలెను. పిమ్మట అమ్మోనియాను పరీక్షింపవలెను. అది కనబడినచో మేత నాపి, అంతే ఉప్పదనమును, అంతే వేడిమియు గల కొత్తనీటితో నాల్గవవంతు నీటిని మార్చవలెను. భయపడి స్పంజిని కొళాయినీటితో కడుగరాదు. ఆ నీటిలోని క్లోరిను, ఉన్న కొద్ది సూక్ష్మజీవులను గూడ చంపును.

ఉప్పు విషయమున మనవారు చేయు పొరపాట్లు రెండు. మొదటిది, అంగడిలోని గల్లుప్పును కలిపిన చాలుననుకొనుట. సముద్రపు నీటిలో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. వానిలో సోడియము, క్లోరైడు కలిసి 30 గ్రాములైనను, మెగ్నీషియము 1.3, కాల్షియము 0.4 గ్రాములుగూడ ఉండవలెను. ఉప్పుమడిలో నీరు ఎండునపుడు కాల్షియపు లవణములు ముందుగనే విడిపోవును. మెగ్నీషియము కడపట మిగులు చేదునీటితో పారబోయబడును. కాబట్టి కడలినుండి వచ్చినదైనను గల్లుప్పు తిరిగి కడలి కాజాలదు. రెండవది, ఆవిరియై తగ్గిన నీటికి బదులు ఉప్పునీటినే పోయుట. ఆవిరి ఉప్పును తీసికొనిపోదు. మా తొట్టిలో వేసవియందు దినమునకు లీటరు నీరు తగ్గుచుండెడిది. దానికి మారుగా ఉప్పునీరు పోసినచో పదిదినములలో 350 గ్రాముల ఉప్పు అదనముగా చేరి, లీటరునకు 35గా నున్నది 38.5 అగును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా కట్టి చూడవచ్చును.

రాగిబిందెలో నిలువయుంచిన నీరు శ్రేష్ఠమని మన యిండ్లలో వాడుక. మనుష్యుల మాట ఎట్లున్నను, ఉప్పునీరు తగిలిన రాగి కరగును. ఆ రాగి ఏ కొంచెమైనను రొయ్యలకును పవడపు జీవులకును విషము. ఉప్పు కలుపుటకు రాగి, ఇత్తడి పాత్రలను వాడరాదు. మా యింటి బిందెను నేను ఉపయోగింపబోగా మా అమ్మగారే, "పూజబిందె చేపలకేమిరా" యని లాగికొనిరి. కారణము వేరైనను మేలే జరిగినది.

1909లో మద్రాసు మెరీనా తీరమున మత్స్యప్రదర్శనశాల తెరవబడినది. దానికి సముద్రము వాకిటనే యుండెను. మనకు అట్టి వసతి లేదు గనుక నీటిని కొలుచుచు కాపాడుకొనుటయే దారి. రెండవసారి నేను చేపలను తేక, ఒక పచ్చిరొయ్య ముక్కను తొట్టిలో వేసి కుళ్ళనిచ్చితిని. ప్రతిదినము అంకెలు వ్రాసితిని. మొదట అమ్మోనియా హెచ్చి తగ్గెను. పిదప నైట్రైటు హెచ్చి తగ్గెను. నడుమ నొకవారము నీరు పాలవలె తెల్లబడగా పారబోయబుద్ధి పుట్టినది. అవి సూక్ష్మజీవులే యని యెరిగి ఊరకుంటిని. నలుబదిరెండవనాడు రెండును సున్న చూపినవి. పేరుకొన్న నైట్రేటును తగ్గించుటకు సగము నీరు మార్చి, ఒక్క చేపనే విడిచితిని. అది యిప్పటికి క్షేమముగా నున్నది. పదునైదు దినముల కొకసారి పది లీటర్ల నీటిని మార్చుచున్నాను. పొంగలి సెలవులలో దానికి తోడు తేవలెనని పిల్లలు అడుగుచున్నారు. అంకెల పుస్తకమును చూచి చెప్పెదనంటిని.